గాలి కొట్టించినా ఆరని లైటు

33లోంచి నాలుగో వంతు తీసేస్తే 24.75 మిగులుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో, మధ్యన ఆశ్చర్యార్థకంతో వెలిగే పసుపు లైటు వెనక ఉన్నది ఈపాటి లెక్కే. డ్రైవరు తలుపు తీస్తే పిల్లరు మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. దాని మీద 33 పీఎస్‌ఐ అని రాసి ఉందనుకోండి. అమెరికా ప్రమాణం ప్రకారం టైరులో గాలి 24.75కి దిగిందంటే లైటు వెలిగి తీరాలి. యూరప్ వాళ్లు ఇంకాస్త పైన, ఐదో వంతు తగ్గగానే వెలగాలని గీత గీశారు. అక్కడ ఆ అంకె 26.4. మన దేశంలో ప్రతి కారుకూ ఈ పరికరం ఉండాలన్న నిబంధన లేదు గానీ, ఉన్న కార్లలో గీత ఈ రెండంకెల చుట్టుపక్కలే ఉంటుంది.

ఈ లెక్కలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. లైటు వెలిగేసరికే ఆరున్నర నుంచి ఎనిమిది పీఎస్‌ఐ దాకా పోయింది. దాన్ని ముందస్తు హెచ్చరిక అనుకుంటాం గానీ, అది ఆలస్యంగా అందే కబురు. అది రాలేదు కాబట్టి టైర్లు బాగున్నాయనుకోవడానికి వీల్లేదు. 27 పీఎస్‌ఐతో నెలల తరబడి తిరిగే కారులో కూడా డ్యాష్‌బోర్డు ప్రశాంతంగానే ఉంటుంది.

విశాఖలో ఈ లైటు మీద వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకే రకం. బంకులో గాలి కొట్టించాను, ఆరలేదు. లేదా ఆరింది, నాలుగు రోజులకి పొద్దున్నే మళ్లీ వచ్చింది. ఆ వెంటనే సెన్సరు పోయిందన్న తీర్మానం. సెన్సర్లు పోతాయి, ఆ సంగతి కిందకి వద్దాం. కానీ అంతకన్నా ముందు అనుమానించాల్సింది కొలతని. ఏ అంకె దాకా కొట్టారు, టైరు ఎంత వేడి మీద ఉండగా కొలిచారు, ఏ మీటరుతో కొలిచారు? ఈ మూడూ తేలకుండా షాపులో కారు వదిలేస్తే లైటు ఖరీదైన రోగంలా కనిపిస్తుంది.

వేడి టైరు మీద 33

మద్దిలపాలెంలో బయల్దేరి మధ్యాహ్నం మూడింటికి గాజువాక చేరారు. పదిహేను కిలోమీటర్ల దరిదాపు, మధ్యలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర కాసేపు నిలబడ్డారు కూడా. ఎండ, రోడ్డు వేడి, టైరు గోడల రాపిడి కలిసి లోపలి గాలిని 45 డిగ్రీలకి తీసుకుపోయాయనుకుందాం. బంకులో కుర్రాడు పైపు పెట్టి చూసి, "ముప్ఫైమూడు ఉందండి, కరెక్టే" అంటాడు. అతను అబద్ధం చెప్పలేదు. అయినా మీ టైరులో గాలి తక్కువే.

ఎంత తక్కువో లెక్క కట్టొచ్చు. మూసిన డబ్బాలో గాలి పీడనం దాని ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. కాకపోతే రెండు అంకెలు కలపాలి. మీటరు చూపే పీడనానికి బయటి వాతావరణ పీడనం 14.7 కలపాలి, డిగ్రీలకి 273 కలపాలి. 33కి 14.7 కలిపితే 47.7. ఇది 45 డిగ్రీల దగ్గర, అంటే 318 దగ్గర. తెల్లవారుజామున టైరు 25 డిగ్రీలకి చల్లారితే, అంటే 298కి దిగితే, 47.7 కాస్తా 44.7 అవుతుంది. అందులోంచి 14.7 తీసేస్తే 30. స్టిక్కరు మీదున్న 33 చల్లటి టైరుకి రాసిన అంకె. మీ కారులో మూడు తక్కువ.

స్థూలంగా గుర్తుపెట్టుకోవాలంటే పది డిగ్రీలకి ఒకటిన్నర పీఎస్‌ఐ. కంపెనీల భాషలో చల్లటి టైరు అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్న కారు, లేదా కిలోమీటరున్నర మించి నడవని కారు. ఇంటి పక్కనే బంకు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మిగతావాళ్లు ఇంట్లోనే పొద్దున్న సొంత మీటరుతో కొలిచి, ఏ టైరుకి ఎంత తక్కువో కాగితం మీద రాసుకుని, బంకుకి వెళ్లాక అక్కడి మీటరు చూపే అంకెకి అంత కలిపించుకుంటే చాలు. ఇంట్లో 30 ఉంది, బంకులో అదే టైరు 33 చూపించింది. తక్కువైనది మూడు కాబట్టి 36 దాకా కొట్టించాలి. కుర్రాడు మిమ్మల్ని వింతగా చూస్తాడు, ఫర్వాలేదు. గాలి ఉచితంగా ఇవ్వాలన్నది బంకులకి ఆయిల్ కంపెనీలు పెట్టిన నిబంధన, కాబట్టి మొహమాటపడాల్సింది కూడా ఏమీ లేదు.

సొంత మీటరు ఎందుకంటే, రోజుకి వందల సార్లు నేల మీద పడే బంకు గొట్టం మీటరు ఒకటి రెండు పీఎస్‌ఐ అటూ ఇటూ చూపిస్తే ఆశ్చర్యం లేదు. కొన్ని వందల రూపాయల డిజిటల్ మీటరు కూడా పరమ ఖచ్చితం కాకపోవచ్చు. కానీ ఎప్పుడూ ఒకే మీటరుతో కొలిస్తే నాలుగు టైర్ల మధ్య తేడా, ఈ నెలకీ పోయిన నెలకీ తేడా నిక్కచ్చిగా తెలుస్తాయి. మనకి కావలసింది అదే. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేరూ అమ్మవారి పేరూ పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులు మూడున్నాయి. వాటిలో ఊదే గాలి ఒత్తిడిని కొలవకుండా ఒక్క షిఫ్టు కూడా గడవదు. ఆ గేటు బయట వందల కార్లు ఏ కొలతా లేకుండా తిరుగుతుంటాయి.

కంటితో చూసి చెప్పేస్తాం అనేవాళ్లు ఉంటారు. రేవు నుంచి సరుకెత్తుకుని వచ్చే ట్రెయిలర్ల డ్రైవర్లు టైరుని ఇనుప రాడ్డుతో కొట్టి, చప్పుడుని బట్టి గాలి అంచనా వేస్తారు. నూరు పీఎస్‌ఐ దాటిన లారీ టైరులో బాగా గాలి పోయినదాన్ని పట్టుకోవడానికి అది పనికొస్తుంది. కారు రేడియల్ టైరు అలా దొరకదు. దాని పక్క గోడ సరైన గాలి ఉన్నప్పుడు కూడా కాస్త ఉబ్బే ఉంటుంది. 1,400 కిలోల కారులో ఒక్కో చక్రం మీద 350 కిలోలు పడతాయి. 33 పీఎస్‌ఐ దగ్గర రోడ్డుని తాకే టైరు ముక్క రమారమి 150 చదరపు సెంటీమీటర్లు, అరచేయంత. 24.75 దగ్గర అది 200. ఈ తేడాని నిలబడి చూసి కనిపెట్టే కన్ను చాలా అరుదు.

లంబసింగిలో వెలిగి, నర్సీపట్నంలో ఆరేది

సముద్రం పక్కన ఉన్నందువల్ల విశాఖలో పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండదు. చలికాలం కూడా తెల్లవారుజామున పద్దెనిమిది డిగ్రీల దరిదాపుల్లో ఆగిపోతుంది. ఈ ఊళ్లోనే తిరిగితే చలి వల్ల లైటు వెలగడం అరుదు. అసలు కథ ఘాట్ ఎక్కాక మొదలవుతుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో మంచు చూడ్డానికి జనం అర్ధరాత్రి బయల్దేరి తెల్లారేసరికి లంబసింగి చేరతారు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. చలి ఒక్కంకె డిగ్రీలకి, కొన్ని రోజుల్లో సున్నా దాకా దిగుతుంది. మన గాజువాక కారునే అక్కడికి తీసుకెళ్దాం. వేడి టైరు మీద 33 చూపించి, చల్లారితే 30 ఉన్న కారు అది. గాలి కొట్టించి నెల దాటింది. ఏ పంచరూ లేకపోయినా రబ్బరు గోడల గుండా నెలకి ఒకటి రెండు పీఎస్‌ఐ జారిపోతుంది కాబట్టి ఇప్పుడు 28.5 ఉందనుకుందాం. విశాఖలో లైటు రాలేదు. లంబసింగిలో కారు ఆపి, రెండు మూడు గంటలు మంచులో తిరిగి వచ్చేసరికి టైరు 5 డిగ్రీలకి చల్లారింది. లెక్క కడితే 25.6. ఐదో వంతు గీత 26.4 కదా, దాని కిందకి వచ్చేసింది. స్టార్ట్ చేయగానే లైటు.

కొండ దిగి నర్సీపట్నం చేరేసరికి ఎండెక్కింది, టైర్లు వేడెక్కాయి, అంకె మళ్లీ గీత దాటింది, చాలా కార్లలో లైటు దానంతటదే ఆరిపోతుంది. "ఏటండీ ఇది, సెన్సరు పిచ్చిదైపోయిందా" అని కారులో చర్చ. అది సరిగ్గానే పనిచేసింది. పిచ్చిది ఆ మధ్యాహ్నం బంకులో చూసుకున్న 33.

ఈ కొండ మీద ఇంకో చిక్కుముడి కూడా ఉంది, లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకి. టైరు లోపలి సెన్సర్లలో చాలావరకు సంపూర్ణ పీడనాన్ని కొలుస్తాయి. అంటే బయటి గాలితో పోల్చి చూడవు. అందులోంచి 14.7 తీసేసి డ్యాష్‌బోర్డు మీద చూపిస్తారు. వెయ్యి మీటర్ల ఎత్తున బయటి పీడనం 14.7 ఉండదు, 13 దగ్గరుంటుంది. మీ చేతి మీటరు బయటి గాలితో పోల్చి కొలుస్తుంది కాబట్టి అదే టైరుకి 27.3 చూపిస్తుంది. డ్యాష్‌బోర్డు మీద 25.6. ఎత్తుని లెక్కలోకి తీసుకునే కార్లూ ఉన్నాయి. తీసుకోని కారులో ఈ రెండంకెలూ కొట్టుకుంటాయి, రెండూ నిజమే. అరకు 911 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడా ఇదే వరస. పోల్చి చూడ్డానికి, 2014 అక్టోబరు 12న విశాఖని కుదిపేసిన హుద్‌హుద్ తుఫాను కేంద్రంలో వాతావరణ పీడనం 950 హెక్టోపాస్కల్స్‌కి పడిపోయింది. ఆ పతనం మొత్తం పీఎస్‌ఐలో చెబితే ఒకటి కూడా లేదు, 0.9 దగ్గర. అరకు ఘాట్ రోడ్డు ఎక్కితే అంతకన్నా ఎక్కువ మారుతుంది.

ఇక్కడే ఒక పాత నమ్మకం గురించి చెప్పాలి. ఎండాకాలం టైరు పేలిపోతుందని గాలి రెండు మూడు తగ్గించి కొట్టించేవాళ్లు మన దగ్గర ఇప్పటికీ చాలామంది. మే నెలలో తెల్లవారుజామున 28 డిగ్రీల దగ్గర 33 పెట్టారనుకోండి. జాతీయ రహదారి మీద మధ్యాహ్నం టైరు 65 డిగ్రీలకి చేరినా పీడనం 38.9 మాత్రమే. టైరు పక్క గోడ మీద గరిష్ఠం అని 44 గానీ 51 గానీ అచ్చు వేసి ఉంటుంది. ఈ వేడిని లెక్క కట్టాకే కంపెనీ 33 అని రాసింది. గాలి తగ్గిస్తేనే గోడ ఎక్కువ మడతపడి, ఆ మడత వల్ల వేడి పుట్టి, చివరికి టైరు విడిపోతుంది. అన్నట్టు, గోడ మీదున్న ఆ 51ని చూసి అంత గాలి కొట్టించేవాళ్లూ ఉన్నారు. అది టైరు తట్టుకునే హద్దు, మీ కారుకి కావలసిన అంకె కాదు.

ఈ లైటు పుట్టింది కూడా తక్కువ గాలి కథలోంచే. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకి వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు పరుగులో ఉండగా ట్రెడ్ ఊడిపోయి కార్లు పల్టీలు కొట్టాయి. 2000 ఆగస్టులో కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఆ ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 271 అని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క తేల్చింది. ఫోర్డ్ ఆ కారుకి 26 పీఎస్‌ఐ చాలని రాసింది, టైరు కంపెనీ 30 ఉండాలంది. తప్పెవరిదన్న వాదన చాలాకాలం నడిచింది. ఆ ఏడాది నవంబరు 1న చట్టం వచ్చింది, 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త తేలికపాటి వాహనానికీ ఈ లైటు తప్పనిసరైంది. 1986లో పోర్షే 959 అనే ఖరీదైన కారులో మొదట కనిపించిన ఈ పరికరం ఇరవై ఏళ్లకి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ప్రతి తెలుగింటి కారులోకీ అలా వచ్చింది. యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఉంది.

మన దగ్గర 2020లో వేరే దారిలో ప్రవేశించింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి, ట్యూబ్‌లెస్ టైర్లూ, ఈ హెచ్చరిక వ్యవస్థా, పంచరు వేసుకునే కిట్టూ ఉంటే మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల కారుకి స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. మీ కారులో స్టెప్నీ లేకపోతే, ఆ లైటు స్టెప్నీకి బదులుగా ఇచ్చినది. దాని మీద టేపు అంటించుకుని తిరగడానికి ముందు ఈ సంగతి గుర్తు రావాలి.

అయిదు వందల చుట్లలో రెండు మూడు

మీ కారులో ఉన్నది ఏ రకమో తెలిస్తే సగం పని అయినట్టే. డ్యాష్‌బోర్డు మీద నాలుగు చక్రాలకీ నాలుగంకెలు కనిపిస్తే లోపల సెన్సర్లున్నాయి. లైటు తప్ప అంకెలేవీ కనబడకుండా, ఎక్కడో సెట్ అనే బటనో మెనూలో రీసెట్ అనే మాటో ఉంటే చాలావరకు అది రెండో రకం, పరోక్షంగా ఊహించేది. టాటా నెక్సాన్ లాంటి కార్లలో ఐటీపీఎంఎస్ అని రాస్తారు, ముందున్న ఆ ఐ దీని గుర్తే.

పరోక్ష పద్ధతి చవకైనది, తెలివైనది, కాస్త అమాయకమైనది కూడా. దానికి టైరులో గాలి ఎంతో తెలీదు. ఏబీఎస్ బ్రేకుల కోసం ఎలాగూ ఉన్న చక్రాల వేగం సెన్సర్లనే వాడుకుంటుంది. 205/60 ఆర్16 కొలత టైరు కిలోమీటరుకి సుమారు 500 సార్లు తిరుగుతుంది. గాలి తగ్గితే టైరు వ్యాసార్ధం రవ్వంత తగ్గి, మిగతా మూడింటికన్నా అది రెండు మూడు చుట్లు ఎక్కువ తిరుగుతుంది. ఆ రెండు మూడు చుట్లని పట్టుకోవడమే దీని విద్య. అందుకే ఒక కొత్త టైరూ మూడు అరిగినవీ కలిపినా, టైర్లు ముందువి వెనక్కి మార్చినా, గాలి సరిచేసి సెట్ నొక్కడం మరిచిపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది. దాని దగ్గరున్న పోలిక పాతది. నాలుగు టైర్లలోనూ సమానంగా గాలి తగ్గితే ఈ రకం వ్యవస్థల్లో కొన్నిటికి ఆ సంగతే తెలియదు.

వీటిలో లైటు ఆరనివాళ్లు చేయాల్సింది చిన్న పని. పొద్దున్నే చల్లటి టైర్లలో స్టిక్కరు చెప్పినంత గాలి నింపి, ఆ తర్వాత సెట్ నొక్కి, కాసేపు నడపాలి. వరస తప్పకూడదు. గాలి నింపకుండా సెట్ నొక్కితే లైటు ఆరిపోతుంది, అసలు ప్రమాదం అక్కడే. 26 ఉన్న టైర్లతో సెట్ నొక్కితే కారు ఆ 26నే సరైన గాలి అని నేర్చుకుంటుంది. ఇక దానికి ఐదో వంతు తగ్గడమంటే 20.8. అప్పటిదాకా నోరెత్తదు. సర్వీసుకి ఇచ్చిన కారు లైటు ఆరి తిరిగొస్తే, గాలి కొలిచి ఆర్పారా, బటన్ నొక్కి ఆర్పారా అని అడగండి.

సెన్సర్లున్న కారులో చాలావాటికి బటన్ అక్కర్లేదు. సెన్సరు టైరు లోపల వాల్వు అడుగున కూర్చుని ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతుంది, చక్రం తిరిగితే లేచి నిమిషానికో కబురు పంపుతుంది. కాబట్టి బంకులో గాలి కొట్టించిన చోటే నిలబడి లైటు ఆరలేదని గొడవపడటం అనవసరం. పదిహేను ఇరవై నిమిషాలు, ముప్ఫై కిలోమీటర్ల వేగం పైన నడవాలి. జగదాంబ జంక్షన్ ట్రాఫిక్‌లో ఆ వేగం కుదరదు. బీచ్ రోడ్డెక్కి రుషికొండ మీదుగా భీమిలి వైపు వెళ్తే కుదురుతుంది. కొన్ని కార్లు గీత దాటితే సరిపెట్టుకోవు, పూర్తిగా స్టిక్కరు అంకె చేరితే తప్ప లైటు ఆర్పవు. 25కి వెలిగిన లైటు 28కి ఆరలేదంటే కారణం ఇదే కావచ్చు.

మళ్లీ ఎప్పుడు వెలిగింది?

సరిగ్గా కొట్టించాక కూడా మళ్లీ వెలిగితే, ఎన్నాళ్లకి వెలిగిందో క్యాలెండరు చూడండి. ఏ స్కానరూ ఇంత చవగ్గా రోగం చెప్పదు. 33 నుంచి గీత దాకా దూరం ఆరున్నర నుంచి ఎనిమిదింబావు. నెలకి ఒకటిన్నర చొప్పున మామూలుగా జారితే అక్కడికి చేరడానికి నాలుగున్నర నుంచి అయిదున్నర నెలలు పడుతుంది. అంత కాలానికి వెలిగితే రోగం లేదు, నెలకోసారి గాలి చూసుకోకపోవడమే. వారానికి వెలిగితే రోజుకో పీఎస్‌ఐ పోతోంది, సన్న మేకు గానీ వాల్వు గానీ రిమ్ము గానీ. పొద్దున్న జనరల్ షిఫ్టుకి వెళ్లేటప్పుడు లేనిది సాయంత్రం గేటు దాటేసరికి వెలిగితే గంటకో పీఎస్‌ఐ. అప్పుడు ఇంటికి పోయాక చూద్దాం అనుకోకుండా దగ్గరి పంచరు షాపుకే పోవాలి. కూర్మన్నపాలెం నుంచి ఆటోనగర్ దాకా, పాత ఇనుము బళ్లు తిరిగే దారుల్లో మేకులకీ ఇనుప ముక్కలకీ కరువుండదు.

ఏ టైరు నుంచో తేలకపోతే సబ్బు నీళ్లు చాలు. ట్రెడ్ మీద, వాల్వు చుట్టూ, వాల్వు నోట్లో, రిమ్ము అంచున పూయాలి. ఈ ఊళ్లో చివరి రెండు చోట్లూ ఎక్కువ శ్రద్ధగా చూడాలి. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుప రిమ్ము అంచుని తుప్పు పట్టిస్తే టైరు అక్కడ సరిగా అంటుకోదు. పంచరు దొరకదు, గాలి మాత్రం పోతూ ఉంటుంది. అప్పుడు టైరు విప్పించి రిమ్ము అంచు బాగా రుద్ది శుభ్రం చేయించాలి.

సెన్సరు వాల్వుది ఇంకో సమస్య. చాలావాటి కాండం అల్యూమినియం. లోపల వేసే వాల్వు పిన్ను మామూలు ఇత్తడిదైతే, అల్యూమినియానికీ ఇత్తడికీ మధ్య ఉప్పు తేమ చేరి చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తుంది. అల్యూమినియం తినుకుపోతుంది, పిన్ను బిగుసుకుపోతుంది. తీయబోతే కాండం విరిగి, దానితో పాటు సెన్సరూ పోతుంది. ఈ వాల్వులకి నికెల్ పూత ఉన్న పిన్ను వాడాలి. పంచరు షాపులో పాత డబ్బాలోంచి తీసి వేసే రెండు రూపాయల పిన్ను కాదు. క్యాపు ప్లాస్టిక్‌ది మేలు. మెరిసే ఇత్తడి, స్టీలు క్యాపులు బీచ్ రోడ్డు అపార్టుమెంట్లలో రెండు వర్షాకాలాలు గడిచేసరికి వాల్వుకి అతుక్కుపోతాయి. రబ్బరు వాష‌రున్న ప్లాస్టిక్ క్యాపు పిన్నులోకి ఉప్పు తేమ చేరకుండా చూస్తుంది. క్యాపు లేకుండా తిరగడం మాత్రం ఈ ఊళ్లో చెయ్యకూడదు.

ముందు మినుకుమని, తర్వాత నిలిచి

ఇంతదాకా చెప్పిందంతా స్థిరంగా వెలిగే లైటు గురించి. స్టార్ట్ చేయగానే నిమిషం, నిమిషమున్నర పాటు మినుకుమినుకుమని, ఆ తర్వాత స్థిరపడితే అది గాలి గురించి మాట్లాడటం లేదు. వ్యవస్థే పాడైందని చెబుతోంది. ఎంత గాలి కొట్టినా అది ఆరదు.

ఎక్కువగా దీనికి కారణం బ్యాటరీ. సెన్సరులోని లిథియం బ్యాటరీని మార్చడానికి వీల్లేకుండా జిగురు పోసి మూసేస్తారు. ఆయుష్షు అయిదు నుంచి పదేళ్లు. టైరు లోపలి వేడి దాన్ని తగ్గిస్తుంది, రోజూ ఎక్కువ దూరం తిరిగే కారులో ఇంకా తగ్గుతుంది. చావబోయే ముందు కొన్ని వారాలు చలి పొద్దుల్లో మొరాయించి, పగలు బాగానే ఉండే లక్షణం కనిపిస్తుంది. 2016, 2017 ప్రాంతంలో కొన్న కార్లకి ఇప్పుడు ఆ ఈడు వచ్చింది. ఒకటి పోయిందంటే మిగతా మూడూ దాని తోటివే. నా మాట అడిగితే, రెండోసారి టైర్లు మార్చేటప్పుడు నాలుగు సెన్సర్లూ మార్చేయడం లాభం. టైరు ఎలాగూ విప్పుతారు, బ్యాలెన్సింగ్ ఎలాగూ చేస్తారు. ఏడాదికొకటి చొప్పున మార్చుకుంటే ఆ కూలీ నాలుగుసార్లు.

టైరు విప్పే ముందు షాపులో ఒక మాట చెప్పాలి, "వాల్వు దగ్గర సెన్సరుంది" అని. టైరుని రిమ్ము నుంచి విడదీసే మిషన్ బ్లేడు సరిగ్గా వాల్వు దగ్గర దిగితే సెన్సరు పగులుతుంది. సెన్సర్లు చూసిన కుర్రాళ్లు అడక్కుండానే జాగ్రత్తపడతారు, చూడనివాళ్లకి చెప్పాలి. పంచరు రాకుండా పోసే ద్రవాలు కూడా సెన్సరు రంధ్రాన్ని మూసేయగలవు. కొత్త సెన్సరు వేశాక స్కానరుతో దాని గుర్తింపు సంఖ్యని కారుకి నేర్పించాలి. నేర్పకపోతే కొత్తది ఎంత మొత్తుకున్నా కారు వినదు, లైటు మినుకుతూనే ఉంటుంది.

కొనేటప్పుడు తరంగం సంఖ్య చూడాలి. మన దేశంలోని సెన్సర్లు 433 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి, అమెరికావి ఎక్కువగా 315. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పేరు, అక్కడ చవగ్గా దొరుకుతోంది కదా అని సంక్రాంతికి వచ్చే బావగారి సూట్‌కేసులో తెప్పించుకుంటే అవి ఇక్కడ మూగవే. వాల్వు మీద క్యాపులా బిగించుకునే బయటి సెన్సర్లు, సోలార్ తెరతో వచ్చేవి, ఏ లైటూ లేని పాత కారుకి మంచివే. కంపెనీ లైటుని మాత్రం అవి ఆర్పలేవు. సరిగా బిగించకపోతే వాటి నుంచే గాలి పోతుంది.

నైట్రోజన్ గురించి ఒక్క ముక్క. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 30 పీఎస్‌ఐతో ఏడాది పాటు టైర్లు నడపకుండా ఉంచి చూస్తే, మామూలు గాలి 3.5 తగ్గింది, నైట్రోజన్ 2.2. ఏడాదికి 1.3 తేడా. చలికి కుదించుకుపోవడంలో రెండూ ఒకటే. ఉచితంగా ఇస్తే పట్టించుకోండి, టైరుకింతని డబ్బు పెట్టడానికి నాకైతే కారణం కనబడదు.

పెట్రోలు ఆదా అన్న వాదన కూడా అంత బలమైనది కాదు. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పోతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. ఎనిమిది తగ్గితే 1.6 శాతం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, లీటరుకి 15 చొప్పున 800 లీటర్లు పోసే కారుకి అది 13 లీటర్ల లోపు. లీటరు 108 అనుకుంటే 1,400 రూపాయలు కూడా కాదు. భయపడాల్సింది వేరే చోట. గోడ మడతపడి పుట్టే వేడి, భుజాల దగ్గర ముందే అరిగిపోయే ట్రెడ్, హనుమంతవాక దాటాక వానలో ఎనభైలో బ్రేకు వేసినప్పుడు కారు పోయే తీరు.

స్టిక్కరు మీద ఇంకో గడి ఉంటుంది, ఎవరూ చదవరు. అయిదుగురూ సామానూ ఎక్కితే వెనక టైర్లకి ఎంతో అందులో రాసి ఉంటుంది, చాలా కార్లలో మామూలుకన్నా రెండు మూడు ఎక్కువ. కుటుంబంతో అరకు వెళ్లేటప్పుడు ఆ అంకె వాడాలి. కొన్ని స్టిక్కర్ల మీద పీఎస్‌ఐ ఉండదు, 2.3 బార్ అనో 230 కిలోపాస్కల్ అనో ఉంటుంది. రెండూ ఒకటే, 33.4 పీఎస్‌ఐ.

డిక్కీలో పడుకున్న స్టెప్నీని కూడా ఓసారి కొలవండి. అది మిగతా నాలుగింటికన్నా సన్నగా, తాత్కాలికానికి మాత్రమే అని రాసి ఉన్న రకమైతే, దానికి కావలసింది 33 కాదు, 60 పీఎస్‌ఐ. ఆ అంకె టైరు మీదే అచ్చు వేసి ఉంటుంది. బంకులో నాలుగు టైర్లకీ కొట్టిన అలవాటు మీద దానికీ 33 కొట్టేస్తారు, పక్కనే నిలబడి చెప్పాలి. మామూలుగా అందులో సెన్సరుండదు. కాబట్టి దాన్ని వేసుకుని నడిపినంత సేపూ లైటు మినుకుతూ, తర్వాత వెలుగుతూ ఉంటుంది. పంచరు వేయించి అసలు చక్రం బిగించి, ఇరవై నిమిషాలు నడిపితే దానంతటదే ఆరుతుంది.